మీ దగ్గర ఎన్ని పెట్టెలున్నాయి?

రాదోవ్లిత్సాలో మంచు కరిగే వారం,
కొట్టు వెనక గదిలో, మైనం వాసనలో కూచుని
నేనే రాశాను ఆ ఫారం.
పేరు. ఈమెయిల్. ఊరు.
నాలుగోది: మీ దగ్గర ఎన్ని తేనెపెట్టెలున్నాయి?

మిగతాది మిషను చూసుకుంటుంది.
సున్నా అన్నవాళ్ళు మొదటి జాబితాలోకి,
అంటే ముచ్చటపడి వచ్చినవాళ్ళు,
చేతితొడుగు ఏ సైజో ఇంకా తెలియనివాళ్ళు.
ఒకటి నుంచి ఇరవై దాకా రెండోదాంట్లోకి.
ఆ పైనున్న పెద్ద ఆసాములు మూడోదాంట్లోకి.
వాళ్ళకి చక్కెర పాకం పీపాల్లో, అరువు మీద.

మా అమ్మమ్మ చేట పడితే
ఒక్క విసురుకి పొల్లు అటు, గింజ ఇటు.
అయినా మధ్యలో ఆగేది.
ఏదో ఒక గింజని వేళ్ళతో నలిపి, వాసన చూసి,
మళ్ళీ చెరిగేది.

నేను పెట్టిన చేటకి వేళ్ళు లేవు.

ఆ రాత్రి నేను నిద్రపోతుంటే
నలభై ఒక్కమంది వచ్చి
ఎవరి గూట్లో వాళ్ళు సర్దుకున్నారు.
పొద్దున కాఫీ కప్పుతో చూసుకుని
మురిసిపోయాననే చెప్పాలి.

మూడోవారం ఒక జవాబు వచ్చింది,
జవాబులు రావనుకున్న చోటికి.
లోవ్రో కొష్మెర్ల్, కొండ మీది ఊరు.

"అమ్మాయ్,
'ప్రియమైన కొత్త మిత్రమా' అని రాశారు.
నా మొదటి గుంపుని మా నాన్న
మోపెడ్ వెనక గోనెలో కట్టి తెచ్చాడు, నాకు తొమ్మిదేళ్ళు.
తేనెటీగలంటే భయపడొద్దని కూడా రాశారు. సరే.
నవంబరులో ముప్పై నాలుగు పెట్టెలు.
మార్చిలో మూతలు తీస్తే
ఒక్కోదాంట్లో దోసెడు పొట్టు.
నేను అబద్ధం చెప్పలేదు.
ఎన్ని ఉన్నాయని అడిగారు,
ఎన్ని ఉండేవని అడగలేదు.
పొగడబ్బా వద్దు, నాకుంది.
కొత్తవాళ్ళకిచ్చే పది శాతం
గుంపు కొనుక్కున్నా వర్తిస్తుందా?"

సున్నకు సున్న, హళ్లికి హళ్లి అనుకుంటాం.
ఆ పూట మొదటి జాబితాలోని సున్నాలన్నీ
ఒక్కొక్కటీ తెరిచి చూశాను. పంతొమ్మిది.
ఏది ఇంకా మొదలవని సున్నానో
ఏది అయిపోయిన సున్నానో
గుండ్రంగా ఒక్కలాగే ఉన్నాయి.

ఆయన్ని చేత్తో తీసి మూడోదాంట్లో పెట్టాను.
తెల్లారేసరికి మిషను మళ్ళీ మొదటిదాంట్లో వేసింది.
సున్నా అన్నాడుగా మరి.
ఇంకో ప్రశ్న కలుపుదామంటే మా యజమాని హిన్కో
"ఫారం పొడుగైతే జనం మధ్యలో పారిపోతారు" అన్నాడు.
అదీ నిజమే.

ఏప్రిల్లో లోవ్రో స్వయంగా వచ్చాడు,
బూట్ల బురద గుమ్మం దగ్గరే దులుపుకుని.
చంకలో ఒక పాత పెట్టె ముందు పలక.
దాని మీద వెలిసిన నీలిరంగులో
నక్కకి క్షవరం చేస్తున్న కుందేలు.
"ప్రతి పెట్టెకీ ఒక బొమ్మ ఉండేది," అన్నాడు,
"సాయంత్రం ఎవరి ఇల్లు ఏదో వాటికి తెలియాలి కదా.
ఒక్కటైనా దారి తప్పేది, చూసేవాణ్ణి.
పక్కింటివాళ్ళు లోపలికి రానిచ్చేవాళ్ళు,
కాళ్ళకి పుప్పొడి ఉంటే."

పది శాతం తగ్గించాను.
బిల్లు మీద కొత్త ఖాతాదారు అనే పడింది.
ఒక గుంపుని కారు ముందు సీట్లో పెట్టి
బెల్టు కట్టాడు.

మే నెల్లో ఫారం మళ్ళీ నింపాడు.
పేరు, ఈమెయిల్, ఊరు. నాలుగోదానికి: 1.
మిషను క్షణం ఆలస్యం చేయకుండా
రెండో జాబితాలోకి చేర్చి
ఉత్తరం సిద్ధం చేసింది:
"అభినందనలు! మీరు ఎదుగుతున్నారు!"

పంపేముందు ఆపే మీట ఒకటుంది.
దాని మీద వేలు పెట్టి
కాసేపు కూచున్నాను.
తర్వాత తీసేశాను.