మోచేతి లోతు

చేపల్ని సాకేదంటే మేత వేసేదే అనుకుంటివా, కదిర్వేలూ?
సాకాల్సింది నీళ్లని.
చెయ్యి ముంచు. ఇంకా. మోచేతి దాకా.
అరచెయ్యి కనపడతా ఉంటే నీళ్లు ఆకలితో ఉన్నట్టు,
రెండు గంపల పేడ కలిపి చల్లాల.
మణికట్టు మునగక ముందే వేళ్లు మాయమైతే
నీళ్లకి అజీర్తి. అన్నీ ఆపెయ్యాల.
మోచెయ్యి తడిసే తలికి వేళ్లు కనపడకూడదు.
అదీ లెక్క.
ఇది నాకు చెప్పినోడు సున్నం బస్తాలు మోసే మనిషి,
పేరు కూడా అడగలా.

పిల్లలొచ్చిన దినం నువ్వుండాల్సింది.
గాలి నింపిన సంచుల్లో, లారీలో రాత్రంతా వచ్చి,
వేలెడంత లేని శీలావతులు.
ధనకోటి మూతి విప్పబోతే ఆగమన్నా.
సంచుల్ని అట్లే నీళ్ల మీద తేలేసినాం అరగంట,
లోపలి నీళ్లు బయటి నీళ్లకి అలవాటయ్యే దాకా.
“నన్ను మీ ఇంటికి తెచ్చిన దినం
ఈ మాట ఎవురికీ తోచలేదే” అనింది.
నేనేం చెప్పేది.
సంచి మూతి విప్పినా.

తవుడూ చెనక్కాయ చెక్కా చిల్లుల గోతాంలో పోసి
వెదురుకి కట్టాల.
సాయంత్రం లేపితే తేలిగ్గా రావాల గోతాం.
బరువు తగిలిందా,
ఆ రేత్రి నీకూ ముద్ద దిగదు.

నగరిలో ఇరవై రెండేళ్లు
మగ్గాల మోతలో నిద్రపోయినోణ్ణి.
మోత ఆగితేనే మెలకువ నాకు.
పిచ్చాటూరు కాడ ఈ గుంట గుత్తకి తీసుకున్నా
ఆ గుణం పోలా.
మొన్న మబ్బు పట్టిన రేత్రి, మూడు గంటలప్పుడు,
కరెంటు పోయి గాలిచక్రం నిలిచిపోయింది.
ఆ నిశ్శబ్దమే తట్టి లేపింది.
టార్చి వేస్తే
గుంట నిండా నోళ్లు.
తెల్లంగా, గుండ్రంగా, తెరిచీ మూసీ,
ఒక్క మాట లేకుండా.
పగలు గాలి పోసే పాచే
రేత్రయితే గాలంతా తాగేస్తాదంట.
నాకేం తెలుసు అప్పుడు?
ఇద్దరం దిగినాం రొమ్ముల లోతు నీళ్లలోకి.
చేటతో, బిందెతో, కానగ మండతో
కొడతానే ఉన్నాం, కొడతానే ఉన్నాం
తూర్పు తెల్లబడే దాకా.

నూటా పదకొండు పోయినాయి. ధనకోటి లెక్కపెట్టింది.
మగ్గం మీద పోగు తెగితే ముడేస్తాం.
నీళ్లలో తెగింది యాడని వెతికేది?

సరే, చెయ్యి తియ్యి.
తుడుచుకోవద్దు, వాసన చూడు.
కుళ్లిన గుడ్డు వాసనొస్తే ఇప్పుడే చెప్పు.
మట్టి వాసనేనా?
అయితే పోయి పడుకో.
మోత ఉన్నంతసేపు నేనూ నిద్రపోతా.