గింజంత

బయట మైనస్ ముప్పై రెండు.
ఉలాన్‌బాతర్‌లో పొగ నేలమీదికి దిగి నడిచే పొద్దున
కంప్యూటర్ పెట్టెను బొంతలో చుట్టి
బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు ఎర్ఖెంబాయర్.
"వేడెక్కిపోతోందక్కా" అన్నాడు,
కనుబొమల మీద మంచు ఇంకా కరగనే లేదు.

నవ్వు ఆపుకున్నాను.
ఊరు ఊరంతా వేడిని బస్తాల లెక్కన కొనుక్కుంటుంటే
ఇతనింట్లో ఒక్కదానికి ఎక్కువైంది.

ముందు ఒక గంట ఊరికే కూర్చోబెట్టాను, పెట్టెనూ అతన్నీ.
చలిలోంచి వచ్చిన ఇనుముకి చెమట పడుతుంది,
అది ఆరకముందే కరెంటు ఇస్తే ఇక అంతే సంగతులు.
ఉప్పు వేసిన పాల టీ తాగుతూ చెప్పాడు:
బడి బాయిలర్ గదిలో బొగ్గు వేస్తాడట,
డ్యూటీ లేని రాత్రులు
త్రీడీలో గుర్రాలు గీస్తాడట.
డెక్కలొస్తాయి, డొక్కలొస్తాయి,
జూలు దగ్గరికి రాగానే మిషను చచ్చిపోతుంది.

పది నిమిషాలు నడిపించి, గోరువెచ్చనయ్యాక ఆపి,
నాలుగు మరలూ ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా వదులు చేసి,
హీట్‌సింకును లాగలేదు, తిప్పాను,
జాడీ మూతలా అటు కాస్త ఇటు కాస్త.
ఎండిన పేస్టు మొండిది. లాగితే
ప్రాసెసర్ని వేళ్ళతో సహా పెకలించుకొస్తుంది.
టక్.
విడింది.

పుదీనా వాసన.

నేనేమీ అనలేదు. అతను కిటికీ వైపు చూశాడు.
"ఎవరో చెప్పారు... పళ్ళపేస్టయినా పనిచేస్తుందని..."
పనిచేస్తుంది తమ్ముడూ, తడి ఉన్నన్నాళ్ళు.
ఆ తర్వాత సున్నం.

స్పిరిట్ సీసా తలకిందులు చేస్తే మూడు చుక్కలు.
పక్క కొట్టు గొంచిగ్ తాత ఉదారంగా వోడ్కా అందించాడు.
ఇందులో నీళ్ళే ఎక్కువ తాతా అంటే
నొచ్చుకుని తనే తాగేశాడు.
మందుల షాపుదాకా పరిగెత్తి వచ్చి,
కాఫీ వడపోత కాగితం తడిపి (దానికి నూగు రాలదు)
అంచుల నుంచి లోపలికి తుడిచాను.
మొదటిది బూడిద. రెండోదీ బూడిదే.
మూడోదానికి ఇంకా మరక.
ఐదోది తెల్లగా వచ్చింది.
అప్పుడు కనబడ్డాయి లోహం మీద అక్షరాలు,
వాటి మీద నా ముఖం, వెనక ట్యూబ్‌లైటు.

"అద్దంలా ఉందిగా. అద్దానికి అద్దం ఆనిస్తే చాలదా,
మధ్యలో ఈ బంకెందుకు?"
అందరూ అడిగేదే.
నునుపు మన కంటికి. దగ్గరికెళితే గుట్టలూ లోయలూ,
లోయల నిండా గాలి.
కదలని గాలి ఎంత మొండిదో
గెర్‌లో పుట్టిన నీకు నేను చెప్పాలా?
మీ ఇంటి ఉన్నిగోడ రాత్రంతా పట్టి ఉంచేది దాన్నేగా.
అక్కడ ఉండాలి. ఇక్కడ పోవాలి.

ట్యూబు మూత తీసి, నడిమధ్యన
బియ్యపు గింజంత.
అతని మొహం పడిపోయింది. "అంతేనా?
మేమైతే పారలతో..."
అంతే. పరచను కూడా. బరువే పరుస్తుంది.
మూల మార్చి మూల మర బిగిస్తుంటే
కనపడని చోట అది పాకుతున్నట్టు వేలికి తెలుస్తుంది,
లేదా తెలుస్తుందని నేననుకుంటాను,
పదకొండేళ్ళుగా.

తొంభై ఏడు ఉన్నది అరవై మూడుకి దిగింది.
జూలు వచ్చింది, వెంట్రుక వెంట్రుకగా,
మెడ మీద ఒక పక్కకి పడి.
ఇద్దరం చూస్తూ ఉండిపోయాం.
గొంచిగ్ తాత మాత్రం "ముందుకాలు పొట్టి" అన్నాడు.

డబ్బిచ్చి మళ్ళీ బొంత చుట్టాడు.
ఇంటికెళ్ళాక గంట ఆగు, మర్చిపోకు
అని తలుపు దాకా వెళ్ళి అరిచాను.
చెయ్యెత్తాడు, తిరిగి చూడలేదు,
రెండు చేతులూ కావాలని గుర్తొచ్చి వెంటనే దించాడు.

నా బొటనవేలి గోరు కింద బూడిదరంగు చుక్క.
సబ్బుకి పోదు.
సాయంత్రం పిండి కలిపేటప్పుడు
ఆ వేలొక్కటి పైకెత్తి పెట్టుకుంటాను.