మెంతిమడికి టికెట్ లేదు

మిట్టూరులో మా ఇంటి వెనక
పదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు.
అంతే నా సేద్యం.
ఒక మడి మెంతికూర, ఒక మడి చిర్రాకు,
మూలన బొప్పాయి. అది మగదని అందరూ అంటారు,
నేనింకా ఒప్పుకోలేదు.

డ్యూటీ దిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర.
చిల్లర లెక్క కట్టిన వేళ్ళతోనే
మన్ను చిదుపుతా, జల్లెడ పడతా.
గులకరాయి తగిలితే
చెల్లని బిళ్ళ చేతికొచ్చినట్టు విసిరేస్తా.

తెల్లారి చూస్తే మడి నడుమ గుంత,
గుంత మీద నీటుగా కప్పిన మన్ను,
చుట్టూ వేళ్ళు పైకి పెట్టి పండుకున్న మొలకలు.
ఏం జరిగిందో ముక్కే చెబుతుంది.

మూడు పిల్లులు.
టైము తప్పవు గనక సర్వీసు పేర్లే పెట్టినా.
నల్లమచ్చలది పలమనేరు ఆర్డినరీ,
ప్రతి గోడ మీదా ఆగుతుంది.
ఎర్రది బెంగుళూరు ఎక్స్‌ప్రెస్,
వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు.
తోక తెగిన బూడిదరంగుది అరగొండ లాస్ట్ బస్సు,
ఎప్పుడు చూసినా కడుపు నిండుగానే ఉంటుంది.

"నీలిమందు నీళ్ళు సీసాల్లో పోసి పెట్టక్కా,
దడుచుకోని పారిపోతాది" అనింది ఖాజాబీ.
పెట్టినా.
నాలుగు దినాలు పెరడు మందుల షాపు మాదిరి మెరిసింది.
అయిదో దినం ఎక్స్‌ప్రెస్
సీసాకి వీపు రుద్దుకుంటా నిలబడి ఉంది.
రేగుకంప పరిస్తే గీరుకుపోయింది నా చెయ్యే.
నారింజ తొక్కలు, మిరియాల పొడి, కాఫీ పిప్పి...
కాఫీ పిప్పికి చిర్రాకు మాత్రం ఏపుగా లేచింది.

"మందు పెట్టు తల్లీ, ఒక్క రాత్రి పని" అన్నాడు
మొగిలప్ప మేస్త్రీ.
నెల దినాలు ఆయనింటికి ఆకుకూర పోలేదు.

ఒక చీకటి పొద్దున, యూనిఫాం సగం తొడుక్కోని
విజిల్ ఊదినా. ఒక్కటే, గట్టిగా.
పిల్లి ఆగింది.
ఆగింది, అంతే. తవ్వే కాలు గాల్లోనే పెట్టి
నా పక్క చూసింది,
స్టాపు లేని చోట చెయ్యెత్తినోళ్ళని
మా డ్రైవరు చూసే చూపు.
పంతొమ్మిదేళ్ళ సర్వీసు, తప్పు నాదే.
ఒక విజిల్ ఆగమని, రెండు విజిళ్ళు పొమ్మని.
రెండోది ఊదేలోగా దాని పని అయిపోయింది.

ఆ ఆదివారం మిద్దె మీద బట్టలారేస్తా
వీధి మొత్తం చూసినా.
పోయినేడు పోసిన సిమెంటు, ఆ కొస నుంచి ఈ కొసకు.
డేవిడ్ సారు వాకిట్లో టైల్స్.
ఖాజాబీ పెరట్లో చప్టా.
కానుగచెట్టు ఉండిన చోట కారు షెడ్డు.
బూడిదది కడుపు మోసుకోని
నడిచింది, ఆగింది, కాలితో గీరి చూసింది,
గోరు దిగక మళ్ళీ నడిచింది.

నైట్ ట్రిప్పుల్లో, ఏదో ఊరి బస్టాండులో
తాళమేసిన లెట్రిన్ ముందు
ఎన్నిసార్లు అట్ల నిలబడినానో
నా పొత్తికడుపుకు తెలుసు.

వీధిలో మిగిలిన మన్నంతా నాదే.
దాన్ని పరుపు మాదిరి చేసి పెట్టిందీ నేనే.

మేస్త్రీ దగ్గర మిగులు ఇసక రెండు గోతాలు అడిగి తెచ్చి
బొప్పాయి కింద పోసినా.
కట్ట మెంతికూర ఇచ్చినా, మాట్లాడకుండా.
మడి మీద పాత దోమతెర పరిచి
నాలుగు మూలలా ఇటుకలు పెట్టినా.

మొదటి రాత్రి ఎవరూ దిగలేదు.
రెండో రాత్రి ఆర్డినరీ వాసన చూసి పోయింది.
మూడోనాడు బూడిదది ఇసకలో దిగి
తవ్వింది, కూర్చుంది, కప్పింది.
నేను మొహం అటు తిప్పుకున్నా.

ఎక్స్‌ప్రెస్ ఒక్కటే మాట వినే రకం కాదు.
సరిగ్గా మడి నడుమ, దోమతెర మీద పండుకుంటుంది.
ఆడ మెంతి మొలవలేదు,
చుట్టూ పచ్చగా, మధ్యలో పిల్లంత ఖాళీ.
రోజూ అయిదుంబావుకు
దాని మీద పడకుండా నీళ్ళు చల్లి
రెండు విజిళ్ళు ఊది డ్యూటీకి పోతా.
అది కన్ను కూడా తెరవదు.