ఉప్పు లెక్క

ఆరేళ్లుగా ఆ కాగితం నింపింది నేనే.
చలికాలపు ఉప్పు పథకం, నాలుగో పేజీ:
సమానత్వం మీద ప్రభావం.
వయసు. వైకల్యం. జాతి. మతం. ఆడా మగా.
ఒక్కో గడికీ ఎదురుగా
"ఏమీ లేదు" అని రాసి
టీ చల్లారేలోగా సంతకం పెట్టి పంపేసేదాన్ని.

అబద్ధం రాస్తున్నాననుకోలేదు.
మంచు అందరి మీదా ఒకేలా కురుస్తుంది కదా,
ఉప్పుకి ఎవరి పేరూ తెలియదు కదా.

స్కాట్లండ్ ఈశాన్యపు కొసన
సముద్రంలోకి జారిపోతున్నట్టుండే ఊరు మాది.
కౌన్సిల్ గోడ మీద పటంలో
ఎర్ర గీతలకి ముందు, పచ్చ గీతలకి తరవాత,
గీత లేనిచోట దేవుడే దిక్కు.
ఎర్ర గీతలన్నీ కార్లవి:
పెద్ద రోడ్డు, బ్యాంకు మలుపు, గోల్ఫ్ మైదానం దారి.
పటం గీసిందెవరో ఎవరికీ గుర్తులేదు.
గీసినవాడు మాత్రం
పాపని తోపుడుబండిలో పెట్టుకుని
రేవు ఎత్తు ఎప్పుడూ ఎక్కి ఉండడు.

జనవరిలో బోజెనా పడింది.
చేపల ఫ్యాక్టరీలో అయిదింటి షిఫ్టుకి పోతూ,
నాలుగున్నరకి, మెట్ల దారిలో.
మణికట్టు, రెండు చోట్ల.
ఆసుపత్రిలో ఆమె పక్క మంచం మీద ఇష్బెల్ రెన్నీ,
రాత్రిళ్లు మా ఆఫీసు నేల తుడిచే మనిషి.
తుంటి ఎముక.
"అద్దంలా తుడుస్తానని నన్ను మెచ్చుకునేదానివే,
మీ వీధుల్ని ఇంత నున్నగా తుడిచిందెవరే?"
నవ్వుతూనే అంది.
నాకు నవ్వు రాలేదు.
ఈ ఊరి ఉప్పు తిన్నదాన్ని కదా, మింగుడుపడలేదు.

మర్నాడు నాలుగింటికే లేచాను.
నోటుబుక్కు, పెన్సిలు
(పెన్నులో సిరా బిగుసుకుపోయింది).
పెద్ద రోడ్డు నల్లగా, తడిగా, శుభ్రంగా
ఒక్క కారైనా లేకుండా పడుకుని ఉంది.
కాలిబాట మీద మాత్రం
నాకంటే ముందే ఊరు నడిచి వెళ్లిపోయింది.
రబ్బరు బూట్లవి, చిన్న అంగలు, భయపడ్డ అంగలు.
తోపుడుబండి జంట గీతలు
సగం ఎత్తులో ఆగి, వెనక్కి మళ్లి.
చేతికర్ర చుక్కలు: చూపులేని ఫార్కర్ డూతీ
దుకాణం తెరవడానికి పోయుంటాడు.
ఒకచోట అడుగులే లేవు,
మనిషి పొడుగున జారిన చార ఉంది.
చార చివర అయిదు వేళ్లు.

"ప్రజలనుంచి అభిప్రాయాలేవీ రాలేదు"
అని ఏటా రాశాను.
వాళ్లేమో రోజూ రాస్తూనే ఉన్నారు,
పదింటికల్లా కరిగిపోయే కాగితం మీద.

లెక్క పట్టుకుని సభకి వెళ్లాను.
స్ట్రాహన్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు:
"ఉన్నదే ముప్పై టన్నులమ్మా.
ఒకరికి ముందు వేస్తే
తక్కినవాళ్లకి అన్యాయం కాదూ?"
"ఎప్పుడూ ఎవరికో ముందు వేస్తూనే ఉన్నామండీ,
ఈసారి ఎవరికో చూసి వేద్దాం."
నా గొంతు వణికింది. చలి అనుకున్నారేమో.

ఆరు చేతులు లేచాయి, అయిదు లేవలేదు.
మెట్ల దారి, బడి గేటు, బస్టాపు,
ఫ్యాక్టరీ వాలు ఎర్రబడ్డాయి.
గోల్ఫ్ దారి పచ్చబడింది.
ఆ వారం వచ్చిన ఉత్తరాలు
అట్టపెట్టెలో పట్టలేదు.
నవాల్ వాళ్ల మామ్మ చక్రాల కుర్చీ
గడప దాటలేని సందుకి మాత్రం ఉప్పు చాల్లేదు.
"వచ్చే ఏడాది" అని
పటం అంచున పెన్సిలుతో రాశాను,
పెన్సిలు ఎంత తేలిగ్గా చెరుగుతుందో తెలిసీ.

నిన్న మళ్లీ ఆ నాలుగో పేజీ.
"ప్రభావం?"
"ఉంది."
రాయడం మొదలుపెడితే గడి చాల్లేదు,
కాగితం వెనక్కి తిప్పాను.
టీ ఎప్పుడు చల్లారిందో.

కిటికీ కింద ఉప్పు బండి పోతోంది,
విత్తులు చల్లుతున్న చప్పుడు.
బోజెనా మణికట్టు
చలికి ఇంకా సలుపుతూనే ఉందట.