గాలి లేని చోట

రోటర్‌డామ్ నుంచి ఉత్తరం వచ్చింది,
నాలుగు ఫొటోలతో.
మేం పంపిన గొడ్డుమాంసం పొట్లాలు
దిండ్లలా ఉబ్బి ఉన్నాయి.
కింద ఒక్క వాక్యం, మర్యాదగా:
కారణం తెలుపగలరు.

కారణం.
టకువారెంబో పొలిమేరలో ఈ కబేళాకి
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కారణాలు చెప్పేది నేనే,
నేలిదా ఎచెవెరీని.
మేనేజర్లు ఐదుగురు మారారు,
మైక్రోస్కోపు రెండుసార్లు మారింది,
నా ముక్కు మారలేదు.
పొట్లం కోసి ఒక్కసారి పీల్చి చెప్పేదాన్ని:
ఇది వట్టి పులుపు, పెరుగు తోడుపెట్టే జాతి, ఫరవాలేదు;
ఇది ముక్కిన చీజ్, అడుగున కాలిన అగ్గిపుల్ల, పారేయండి.
ప్లేట్ల మీద చుక్కలు లేచేసరికి వారాలు పట్టేది.
అవి తీరిగ్గా వచ్చి
నా ముక్కుకి సాక్ష్యం చెప్పి పోయేవి.

ఓడ కాగితాలు చూశాను.
నలభై రెండు రోజులు
సున్నాకి ఒకటిన్నర డిగ్రీలు కింద.
గీత ఎక్కడా వంకర పోలేదు.
తలుపెవరూ తెరిచి వదల్లేదు,
డ్రైవరెవరూ కునుకు తీయలేదు.
తిట్టడానికి మనిషి దొరకలేదు.

చలి అంటే తాళం అనుకుంటారు.
తాళం కాదు, జల్లెడ.
గాలి కావలసినవాటిని గాలి లాగేసి ఆపాం,
వెచ్చదనం కావలసినవాటిని చల్లబరిచి ఆపాం,
రెండూ అక్కర్లేనిది ఒకటి మిగిలింది.
దానికి పోటీ లేని ఇల్లు రాసిచ్చాం.

ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.
జూన్ వానల్లో గిట్టలకి అంటిన బురద.
అందులో ఆవగింజకి వెయ్యోవంతు గింజగా ముడుచుకుని
ఎన్నాళ్ళ నిద్రో.
తోలు ఒలిచే కత్తి దానికి పడవ.
ఆ పైన మేమే
ప్లాస్టిక్ బిగుసుకోవాలని
పొట్లాన్ని వేడినీళ్ళలో రెండు క్షణాలు ముంచాం,
తలుపు తట్టి లేపినట్టు.
లేచింది.
తొందరేం లేదు దానికి.
భూమధ్యరేఖ దాటేలోగా ఒకటి రెండయింది,
రెండు నాలుగు, నాలుగు ఎనిమిది,
వినేవాళ్ళు లేకపోయినా
చీకట్లో ఎక్కాలు చదివే పిల్లలా.
తిన్నది. ఊపిరి వదిలింది.
గాలి లేని చోట గాలి పుట్టింది.

ఇంతదాకా రాసి కలం ఆపాను.

అదే రోజు సరుకులో నమూనా ఒకటి
మా చలిగదిలో ఉంది.
నిన్న నొక్కితే వేలు దిగింది,
ఇవాళ వేలిని తిరిగి తోసింది.

ఎవరికీ చెప్పని సంగతొకటి.
మార్చిలో జ్వరం వచ్చింది,
పోతూ పోతూ నా ముక్కుని వెంట తీసుకుపోయింది.
కాఫీ లేదు, మాతే టీ లేదు,
మనవరాలి మాడు మీద పాలవాసన లేదు.
అయిదు నెలలుగా ఈ గదిలో
అక్వేరియంలో చేపలా తిరుగుతున్నాను.
అయినా పొట్లం కోస్తాను, వంగుతాను,
కళ్ళు మూసి తలాడిస్తాను.
తేదీలు చూసి, రంగు చూసి,
పాత అనుభవం అప్పుతెచ్చి చెప్తాను.
పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది.

కత్తి మొన పెట్టాను.
బుస్సుమంది.
రివేరా నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు విల్మర్
పిలవకుండానే పక్కకొచ్చి నిలబడ్డాడు.
నేను మాంసం చూడలేదు,
అతని మొహం చూశాను.
ముందు ముక్కుపుటాలు,
తర్వాత కళ్ళ మూలలు,
తర్వాత ఒక అడుగు వెనక్కి,
నాలిక అంగిట్లోకి ముడుచుకున్నట్టు ఒక మింగుడు.

"రాసుకో," అన్నాను,
"చీజ్. అడుగున గంధకం."

అతను కలం తీశాడు.
కాగితం మీద పెట్టకుండా
నా వైపు చూశాడు.
"మీరింకా వంగనేలేదు, సెన్యోరా."

సింకు దగ్గరికి వెళ్ళి
చేతులు చాలాసేపు కడుక్కున్నాను.
సబ్బు మీద
నిమ్మకాయ బొమ్మ ఉంది.