నూక

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ మీద
అద్దెకి తీసుకున్న ఒంటి గది నా ఆఫీసు.
కింద గింజలు వేగుతుంటే
పైన అందరి ఆదాయాలకీ వగరు పొగ పడుతుంది.

పన్ను తగ్గిస్తారని టీవీ చెప్పిన మర్నాడు
మెట్ల మీద చెప్పులు ఎక్కువయ్యాయి.
"ఇంకా ప్రతిపాదనేనండీ, పార్లమెంటు దాటాలి" అంటాను.
వినరు.
జాతకం చూపించుకోడానికి వచ్చినట్టు
నా క్యాలిక్యులేటర్ వైపే చూస్తూ కూచుంటారు.

ముందుగా పళ్ళ డాక్టరు కణితి భుజంగరావు గారు.
ఏడాదికి లక్షా పదకొండు వేలు మిగులుతుందని తేల్చాను.
ఆయన నవ్వితే ఒక్క పన్నుకీ వంక లేదు.
కారు మార్చే ఆలోచన ఉందట.

మందసలో లెక్కలు చెప్పే సుగుణ టీచరుకి
పదిహేడు వేల నాలుగొందలు.
ఆ నాలుగొందలు కూడా రాసుకుంది
చీటీ బకాయి పక్కన, తమ్ముడి ఫీజు కింద.
రెండుసార్లు కూడింది.
లెక్కల టీచరు కదా, రెండుసార్లూ అంతే వచ్చింది,
అంటే ఏమీ మిగల్లేదు.

అటెండరు ఢిల్లేశ్వర్రావుకి సున్నా.
"నాకు తగ్గలేదా?"
"తగ్గడానికి నువ్వెప్పుడైనా కట్టావా?"
తప్పు తనదే అన్నట్టు సిగ్గుపడి
టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నీలాచలమ్మ వచ్చింది
సీసాలో నీళ్ళు పట్టుకోడానికి.
పదకొండేళ్ళుగా పప్పు ఒలుస్తోంది, కేజీ లెక్కన.
జీడిరసానికి వేళ్ళు నల్లబడి, గీతలు చెరిగి,
రేషను మిషను నెలనెలా
ఆమె ఆమె కాదంటుంది.

"పన్ను తీయించుకున్న మనిసి
నవ్వుతా మెట్లు దిగడం ఇయ్యాలే సూసినాను.
మాకేటొత్తాది బాబూ?"

సబ్బుబిళ్ళలో, సెల్లు రీఛార్జిలో,
పిల్లాడి జామెట్రీ బాక్సులో నువ్వు కట్టేదీ పన్నే అన్నాను.
దానికి రిటర్ను ఉండదు,
తిరిగి ఇమ్మని అడగడానికి కిటికీ ఉండదు,
నిన్నటి మాటల్లో దాని ఊసు లేదన్నాను.
ఆపలేక శ్లాబుల పట్టిక తీశాను,
పై మెట్టు మీదున్నవాడికి ప్రతి మెట్టు దగ్గరా
ఎలా మిగులుతుందో చెప్పబోయాను.

"ఆగు. ఇది మా జల్లెడే కదా."
బల్ల మీద వేలితో గీసింది.
"పైన గుండు నిలబడిపోద్ది. డబ్బాకెక్కి ఓడెక్కేత్తాది.
దాని కింద బద్ద. బద్ద కింద ముక్క.
అడుక్కి నూక.
ఒలిసినోలికి అన్నిటికీ ఒకటే కూలి.
జల్లెడ మారిసినా, కన్నాలు పెద్దవి సేసినా
నూక పైకెక్కదు బాబూ,
రాలడానికే కదా దాన్ని ఊపుతారు."

సీసా మూత బిగించి
గుమ్మం దగ్గర ఆగింది.
"మరి నువ్వేటి? గుండా, బద్దా?"

రిటర్నుకి మూడొందలు నా ఫీజు.
ఇన్నేళ్ళలో నా లెక్క నేను వేసుకోలేదు.
ఆ రాత్రి వేశాను. సున్నా.
సున్నాలు పెరిగితే
మెట్లెక్కే చెప్పులు తగ్గుతాయేమో, అదింకో లెక్క.

బల్ల మీద ఆమె గీసినచోట నల్లటి మరక.
స్పిరిట్ పెట్టి తుడిచాను, పోలేదు.
చివర్న వేలు ఆనించినచోట ఒక ముద్ర,
లోపల ఒక్క గీతా లేదు.

పొద్దున్నే డాక్టరుగారి ఫైలు
దాని మీదే పెట్టాను.
కొంచెం పక్కకి జరిపి, మళ్ళీ చూశాను.