సున్నా ఎక్కడుంది

బండి తిన్నగానే పోతోంది.
తిరుగుతున్నానని అది అనుకుంటోంది.

అదే దాని జబ్బు.
జారిపోయే కారు బొమ్మ ఒకటి పసుప్పచ్చగా వెలుగుతుంది,
ఎడమ ముందు చక్రాన్ని ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు
బ్రేకు పట్టేస్తుంది,
ఏడు రోడ్ల కూడలిలో ఆటోవాళ్లు నన్ను చూసి నవ్వుతారు.

తిత్లీ నీళ్లలో మూడు రోజులు నానిన రెండు సీట్ల బండి.
పలాస జీడిపప్పు షావుకారు పాత ఇనుము రేటుకి వదిలించుకున్నాడు.
కొన్నవాణ్ని నేను, కాటాలు బాగుచేసేవాణ్ని,
బలగలో మా పెంకుటింటి పక్క సందులో దానికి చోటిచ్చినవాణ్ని.
విశాఖ షోరూము కుర్రాడు మర్యాదగానే చెప్పాడు:
"స్టీరింగ్ సెన్సారండి. కాలమ్ మొత్తం మార్చాలి. లక్షా పదివేలు."
బండికి నేనిచ్చింది అంతకంటే పెద్ద ఎక్కువేం కాదు.

ఆదివారం. బ్యాటరీ తీగ ఊడదీసి అరగంట ఊరికే కూర్చున్నాను.
ఎయిర్‌బ్యాగ్ నిద్రపోయేదాకా ఆగాలి,
లేకపోతే మొహం మీదికే లేస్తుంది.
ఉల్లిపాయలు తరుగుతూ అరుగు మీంచి అసిరితల్లి అడిగింది:
"ఏటి, బండికి దినం పెడతన్నావా?"

పానాకి పంపు గొట్టం తొడిగి, రెండు కాళ్లూ తన్నిపెడితే
కిర్రుమని ఒప్పుకుంది నట్టు.
విప్పేముందు గుర్తుకి గోళ్లరంగు తెమ్మన్నాను.
"బేగి కానీ, ఆరిపోతాది" అంటూ తనే గీసింది,
ఇరుసు మీదా చక్రం మీదా కలిపి ఒక ఎర్ర గీత.

అప్పుడు బయటపడింది.
చంటిపిల్ల గాజంత వలయం, అంచంతా సన్నని చీలికలు.
ఒక్కో చీలికలోంచి వెలుతురు దూరి లెక్క చెప్పాలి.
ఎలా చెబుతుంది,
తుపాను బురద ఇన్నేళ్లూ అక్కడే కాపురముంటే!
స్పిరిటు, పాత పళ్ల బ్రష్షు, బిగబట్టిన ఊపిరి.
బోర్డు మీద వెంట్రుకంత పగులు.
కాటాలకు వేసే టంకమే దానికీ వేశాను.

అంతా బిగించాను. దీపం ఆరింది.
సందు మలుపు తిరక్కుండానే మళ్లీ వెలిగింది.
ఫోనులో అంకె చూపిస్తోంది: కుడికి ఏడు డిగ్రీలు.
నా కళ్లముందు చక్రం తిన్నగా ఉంది.

ముప్పై ఏళ్లుగా నేను అమ్ముతున్నది సున్నాయే.
ఖాళీ పళ్లెం పెట్టి, ఫ్యాను కట్టేసి,
ముల్లు కుదురుకునేదాకా చూసి
ఇదిగో, లెక్క ఇక్కణ్నుంచి, అని చెప్పడం.
ఒక్కసారి మాత్రం,
పిల్లకి కాలేజీ ఫీజు కట్టాల్సిన జూన్‌లో,
టెక్కలి చేపల సంతలో ఒక కాటాని
యాభై గ్రాములు పక్కకి జరిపాను.
పాపం, ఆ కాటాకి తెలీదు.
నేను నేర్పిందే రోజూ చెబుతూ ఉంటుంది.
ఎన్ని కూరగిన్నెల్లోంచి ఎన్ని ముక్కలు పోయాయో
నేను లెక్కపెట్టలేదు. లెక్కలు తెలిసినవాణ్నే.

"నా గీత కలవనేదు సూడు"
అసిరితల్లి టార్చి వంచి చూపించింది.
ఒక్క పన్ను. ఒకే ఒక్క పన్ను తేడాగా బిగించాను.
మళ్లీ బ్యాటరీ, మళ్లీ అరగంట, మళ్లీ పంపు గొట్టం.
ఈసారి ఆమె ఏమీ అడగలేదు.

సోమవారం తెల్లారగట్ల సింగుపురం దాటాక
ఎడమకి ఆఖరిదాకా, కుడికి ఆఖరిదాకా తిప్పి, మధ్యకి తెచ్చాను.
ఇక తిన్నగా పోవాలి, నెమ్మదిగా, చేతులు కదలకుండా,
తిన్నదనం ఏమిటో బండికి అర్థమయ్యేదాకా.
పక్క సీట్లో అసిరితల్లి, మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి ఆనించి
దీపం వైపే చూస్తోంది,
పొంగబోయే పాలని చూసినట్టు.

ఆరింది.
"దానికి తెలిసినాదేటి?"
"తెలిసింది."

వెనక్కి తిరిగే చోటు వచ్చింది. తిప్పలేదు.
యాభై గ్రాముల ఇత్తడి రాయి పొద్దున్నే జేబులో వేసుకున్నాను,
నడిచినప్పుడు బరువు తెలీలేదు, కూర్చుంటే తొడకి గుచ్చుకుంటోంది.
టెక్కలి అని పచ్చబోర్డు మీద తెల్ల అక్షరాలు.
"ఎక్కడికి?" అంది.
"చేపలకి" అన్నాను.